గోరు ఆగిన చోటు

మే నెల. రాత్రి పదకొండు దాటింది. హైదరాబాద్ శివారులో ఓ పెద్ద భవనానికి తవ్విన గుంతలో నిలబడి మేం కాంక్రీటుకు దుప్పటి కప్పుతున్నాం. రెండున్నర మీటర్ల మందం రాఫ్ట్ అది, భవనం మొత్తాన్ని మోసే పునాది పలక. ముందురోజు రాత్రంతా ట్రాన్సిట్ మిక్సర్లు బారులు తీరి వచ్చి పోసి వెళ్లాయి. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా పరిచి, దానిమీద థర్మోకోల్ పలకలు పేర్చి, అవి గాలికి లేవకుండా గోనె పట్టాలు కప్పాలి. పలక కింద చెయ్యి పెడితే అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నె మూతను తాకినట్టుంది.

మేస్త్రీది పాలమూరు. నాకంటే ముప్పయ్యేళ్లు పెద్దవాడు. కాసేపు చూసి ఇక ఉండబట్టలేక అడిగాడు.

"సారూ, అసలే కాలిపోతున్నది. మల్ల దుప్పటెందుకు? నీళ్లు కొడితె సల్లగైతది గద."

కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ని. పుస్తకంలో ఉన్నది అప్పజెప్పాను. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పైభాగం చల్లబడి కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపలి వేడి గర్భం దాన్ని కుంచించుకోనివ్వదు. అందుకే పైపొర చిట్లుతుంది. లోపలికీ పైకీ తేడా 20 డిగ్రీలు దాటకూడదు. ఆయన విన్నాడు గానీ ఒప్పుకోలేదు.

"మా నాయన సాగర్ల పని చేసిండు. అంత పెద్ద కట్టకు గిట్ల దుప్పట్లు కప్పిన్రని ఎన్నడు సెప్పలె."

ఆ మాటకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగింది సరైన ప్రశ్న అని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నాగార్జునసాగర్ కాంక్రీటు ముద్ద కాదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట నడిమి భాగం రాతి కట్టడం. రాతి ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దదని దానికి పేరు. వేలమంది చేతులు రాయి మీద రాయి పేర్చి 124 మీటర్ల ఎత్తు లేపాయి. సిమెంటు ఆదా కోసం, చేతులకు పని కోసం రాయిని ఎంచుకున్నారని చదువుకున్నాం. కానీ రాయికి ఇంకో గుణం ఉంది, అది వేడి పుట్టించదు. వేడెక్కేది రాళ్ల మధ్య ఉన్న సిమెంటు మాలు ఒక్కటే. మనుషులు మోసి పేర్చే కట్టడం మెల్లగా లేస్తుంది కాబట్టి ఆ కాస్త వేడీ వరస వరసకూ గాలిలో కలిసిపోతుంది. మేస్త్రీ నాయన చూసిన కట్టకు దుప్పటి అక్కర్లేదు. మేస్త్రీ తన జీవితమంతా పోసిన స్లాబులకూ అక్కర్లేదు, నీళ్లు కట్టడమే సరి. మధ్యలో మా రాఫ్ట్ ఒక్కటే వేరే జాతి.

ఎందుకు వేరే జాతో ఓ చిన్న లెక్క చెబుతుంది. ఒక వస్తువు తన వేడిని బయటికి పంపడానికి పట్టే కాలం దాని మందంతో పాటు పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. మందం పదింతలైతే కాలం వందింతలు. పదిహేను సెంటీమీటర్ల స్లాబు లోపలి వేడి గంటన్నరలో బయటపడుతుందనుకుందాం. పదిహేను మీటర్ల మందానికి అదే లెక్కన ఇరవై నెలలు. నూటయాభై మీటర్లకు నూట డెబ్బై ఏళ్లు. అదే సిమెంటు, అదే ఇసుక, అదే కంకర. స్లాబుకు గంటన్నర, ఆనకట్టకు ఆరేడు తరాలు.

అమెరికాలో హూవర్ డ్యామ్ పోసేముందు ఇంజనీర్లు ఈ లెక్కే వేసుకున్నారు. దాని అడుగు మందం దాదాపు రెండు వందల మీటర్లు. ఊరికే పోసి వదిలేస్తే చల్లబడడానికి నూరేళ్లకు పైగా పడుతుందని తేలింది. అంతకాలం అది లోపల్లోపల కుంచించుకుంటూ, పగులుతూ ఉంటుంది. అందుకే ఒకే ముద్దగా పోయలేదు. స్తంభాల్లాంటి దిమ్మెలుగా విడగొట్టి, ఒక్కోసారి ఐదడుగుల ఎత్తు పోసుకుంటూ పోయారు. ప్రతి పొరలో అంగుళం గొట్టాలు పరిచి చల్లటి నీళ్లు పారించారు. ఆ గొట్టాల మొత్తం పొడవు 582 మైళ్లు. 1933 జూన్‌లో మొదలుపెట్టి 1935 మే చివరికి కాంక్రీటు పని ముగించగలిగారు. దిమ్మెలు చల్లబడి కుంచించుకున్నాక మధ్య సందుల్లోకి సిమెంటు పాలు ఎక్కించారు, గొట్టాలను కూడా అలాగే నింపేశారు. పగులు ఎలాగూ వస్తుంది కాబట్టి అది రావాల్సిన చోటును ముందే మనం గీసిపెట్టడం అన్నమాట. ఇంజనీరింగులో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇది.

వంద మీటర్ల పొడవు కాంక్రీటు ఇరవై డిగ్రీలు చల్లబడితే రెండు సెంటీమీటర్లు కుంచించుకోవాలి. కింద బండరాయి పట్టుకుని కదలనివ్వకపోతే ఆ రెండు సెంటీమీటర్లూ సాగినట్టే లెక్క. కాంక్రీటు సాగి ఓర్చుకునేది వంద మీటర్లకు ఒక సెంటీమీటరు, అటూ ఇటూగా. మిగిలిన సెంటీమీటరు ఎక్కడికి పోవాలి? పగుళ్ల రూపంలో తేలుతుంది. లేత వయసులో ఉన్న కాంక్రీటు కొంచెం మెత్తబడి, కొంచెం సర్దుకుని ఆ లెక్కను కొంత తగ్గిస్తుంది గానీ పూర్తిగా కొట్టేయలేదు.

రెండేళ్ల తర్వాత వేరే సైటులో ఆ మిగిలిన సెంటీమీటరును కళ్లారా చూశాను. అక్కడా మందపు రాఫ్టే. మూడో రోజు లోపల ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ 71 డిగ్రీలు చూపిస్తోంది. కప్పిన పలకల కింద పైభాగం 54. అంతా సవ్యంగా ఉంది. ఆ పూట పైనుంచి ఒత్తిడి వచ్చింది. స్తంభాలకు మార్కింగ్ చెయ్యాలి, దుప్పట్లు తీసెయ్యండి అన్నారు. తీశారు. దుమ్ము పోవాలని పైపు పెట్టి బోరు నీళ్లు కొట్టారు. నేను మధ్యాహ్నం వచ్చేసరికి నీళ్లు ఆవిరై లేస్తున్నాయి. సాయంత్రానికి బూడిదరంగు ఆరి తెల్లబడిన చోట సన్నటి చీకటి గీతలు తేలాయి. పగులు కొలిచే కార్డు ఆనించి చూస్తే 0.35 మిల్లీమీటర్లు. ఎవరినీ ఏమీ అనలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఎంత లోతుకు పోయిందో తెలియాలని పగులు మీదే డ్రిల్లు పెట్టి పది సెంటీమీటర్ల వ్యాసంతో ఒక కోర్, అంటే స్తూపం లాంటి కాంక్రీటు ముక్క, తీయించాం. పగులు పైనుంచి పదకొండు సెంటీమీటర్లు దిగి ఆగిపోయింది. కింద రెండు మీటర్లకు పైగా కాంక్రీటు చెక్కుచెదరలేదు. రెండు నెలల తర్వాత వెళ్లి అదే చోట కార్డు పెట్టాను. పగులు 0.1కి తగ్గింది. లోపలి గర్భం చల్లబడి తనూ కుంచించుకుంది. పైపొరను ఇన్నాళ్లూ పట్టి లాగినది, ఇప్పుడు దగ్గరికి నొక్కింది.

ఆ కోర్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. తర్వాత సైటు ఉద్యోగం వదిలి పాఠాలు చెప్పడంలోకి వచ్చాను. అది ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది.

మనం ఏ కాంక్రీటు పోసినా పక్కన పదిహేను సెంటీమీటర్ల క్యూబులు నింపుతాం. ఇరవై ఎనిమిదో రోజు నొక్కి పగలగొడతాం. వచ్చిన అంకె మీద బిల్లులు నడుస్తాయి, తగవులు తెగుతాయి. క్యూబు అబద్ధం చెప్పదు, కానీ అది తన సంగతే చెబుతుంది. ఆనకట్ట ఒక పెద్ద క్యూబు కాదు. ఈ మాట వేడి విషయంలో ఎంత నిజమో, పగులు విషయంలో ఇంకా నిజం.

పగులు కూడా జమాఖర్చులు చూసుకునే నడుస్తుంది. ఈ లెక్క మొదట రాసినవాడు గ్రిఫిత్, 1921లో, గాజు మీద. కొత్త పగులు ముఖం తెరవడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. మామూలు కాంక్రీటులో ఒక చదరపు మీటరు పగులు తెరవడానికి పట్టే శక్తి సుమారు వంద జౌళ్లు. అంటే పది కిలోల బియ్యం సంచిని నేల మీంచి మీటరు ఎత్తు లేపినంత పని, అంతే. ఇది ఖర్చు. జమ ఎక్కణ్నుంచి? పగులు రెండు పక్కలా సాగి బిగుసుకుని ఉన్న కాంక్రీటు ఒక్కసారి సడలుతుంది, అందులో దాచుకున్న శక్తి బయటికొస్తుంది. పగులు పొడవు రెట్టింపైతే ఖర్చు రెట్టింపు. సడలే ప్రాంతం మాత్రం అటూ ఇటూ, పొడుగూ వెడల్పూ రెండూ పెరిగి నాలుగింతలవుతుంది. చిన్న వస్తువులో ఖర్చుకు జమ చాలదు, పగులు ఆగుతుంది. పెద్ద వస్తువులో ఏదో ఒక పొడవు దాటాక జమ ఖర్చును మించిపోతుంది. ఆ తర్వాత పగులుకు బయటి సాయం అక్కర్లేదు.

అందుకే ఒకే కాంక్రీటుతో పోసిన చిన్న దూలమూ, అచ్చం అదే ఆకారంలో పోసిన పెద్ద దూలమూ ఒకే ఒత్తిడికి విరగవు. పెద్దది ముందే విరుగుతుంది. 1984లో బజాంత్ అనే పరిశోధకుడు దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. బాగా పెద్ద కట్టడాల దగ్గరికి వచ్చేసరికి పరిమాణం నాలుగింతలైతే ఓర్చే ఒత్తిడి సగానికి పడిపోతుంది. క్యూబు పరీక్ష నుంచి ఆనకట్టకు నేరుగా దారి లేదని ఇంతకంటే స్పష్టంగా చెప్పినవాళ్లను నేను చదవలేదు.

దారి లేనప్పుడు మోడల్ కట్టుకోవాలి. కంప్యూటరులో ఆనకట్టను గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికీ సమీకరణాలు రాసి లెక్కించే పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అని 1960లో పేరు పెట్టింది బర్కిలీలో పనిచేసిన రే క్లఫ్. ఆ పద్ధతి సివిల్ కట్టడాల మీద చేసిన తొలి పెద్ద పనుల్లో ఒకటి ఏమిటో తెలిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలో నార్ఫోర్క్ అనే కాంక్రీటు ఆనకట్ట ఉంది. కట్టేటప్పుడే ఉష్ణోగ్రత తేడాలకు దానిలో నిలువుగా పెద్ద పగులు పడింది. పగులుతో సహా ఆ ఆనకట్ట భద్రమేనా అని తేల్చడానికి క్లఫ్, ఆయన సహచరుడు విల్సన్ లెక్క కట్టి 1962లో లిస్బన్ సదస్సులో చెప్పారు. ఇవాళ విమానం రెక్కకూ, మోకాలి చిప్పకూ వాడుతున్న ఈ విద్య మా రంగంలో బడికి వెళ్లిన తొలిరోజుల్లోనే ఒక పగిలిన ఆనకట్ట ముందు కూర్చుంది.

మన దేశంలో అలా పగిలిన ఆనకట్ట కోయ్నా. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున నాలుగుంబావు దాటాక మహారాష్ట్రలోని కోయ్నానగర్ కంపించింది. సుమారు 180 మంది చనిపోయారు. పాఠంలో అంకెలతో మొదలుపెట్టే ముందు ఈ మాట చెప్పి కాసేపు ఆగుతాను. 103 మీటర్ల ఆనకట్ట నిలబడింది. కానీ దిగువ ముఖం వాలు ఒక్కసారిగా మారే చోట, అడుగు నుంచి 66.5 మీటర్ల ఎత్తున, ముందూ వెనకా రెండు ముఖాల మీదా అడ్డంగా పగుళ్లు పడ్డాయి. మెడ దగ్గర.

డిజైన్ చేసినప్పుడు భూకంపం ఆనకట్టను దాని బరువులో ఇరవయ్యో వంతు బలంతో పక్కకు తోస్తుందని, ఆ తోపు అడుగు నుంచి కొస దాకా ఒకేలా ఉంటుందని అనుకున్నారు. ఆ కాలానికి అది ఆనవాయితీ. ఆనకట్ట గ్యాలరీలో ఉన్న పరికరం నమోదు చేసిన త్వరణం భూమ్యాకర్షణలో దాదాపు సగం. అంతకంటే పెద్ద తప్పు రెండో ఊహలో ఉంది. తోపు అంతటా ఒకేలా ఉండదు. తాటిచెట్టు మొదలు ఊపితే కొస ఎలా కొట్టుకుంటుందో ఆనకట్ట తల కూడా అలాగే విసురుతుంది. మెడ సన్నగా, తల బరువుగా ఉంటే ఆ విసురంతా మెడ మీద పడుతుంది. 1973లో అనిల్ చోప్రా, చక్రబర్తి అనే పరిశోధకులు కలిసి ఆ కదలికలను లెక్కకట్టి చూపినప్పుడు ఒత్తిళ్లు మితిమీరిన చోటు, నిజంగా పగిలిన చోటు కలిశాయి. ఆ మెడకు తర్వాత దిగువ వైపు కాంక్రీటు ఆనుదన్నులు కట్టారు. కోయ్నా ఇప్పటికీ నీళ్లు నిలుపుతోంది.

బర్కిలీలోనే కోయ్నా ఆకారాన్ని చిన్నగా పోసి కంపించే బల్ల మీద పెట్టి ఊపారు కూడా. దాన్ని కాంక్రీటుతో పోయలేదు. చిన్న ఆనకట్టను నిజమైన కాంక్రీటుతో పోస్తే ఎంత ఊపినా పగలదు, చిన్నదానికి కాంక్రీటు మరీ బలం. అందుకని ప్లాస్టర్‌లో సీసపు పొడి కలిపి, బరువెక్కువ బలం తక్కువ ఉండే ముద్ద తయారుచేశారు. పెద్దదానిలా విరగాలంటే చిన్నది బలహీనంగా పుట్టాలి.

ప్రతి ఏటా ఎం.టెక్ పిల్లలకు కోయ్నా లెక్క ఇస్తాను. ప్రపంచంలో ఆనకట్ట పగులు మీద కొత్త మోడల్ కట్టేవాళ్లలో చాలామంది మొదట పరీక్షించుకునేది దీనిమీదే. మొదటి వారం ఉద్దేశపూర్వకంగా ఒక్క నియమమే ఇస్తాను. లాగుడు ఒత్తిడి 2.9 మెగాపాస్కల్స్ దాటిన గడి పగిలినట్టే. ఒక జట్టు రెండు మీటర్ల గళ్లతో చేస్తుంది, ఒకటి మీటరుతో, ఒకటి పావు మీటరుతో. గళ్లు సన్నబడేకొద్దీ ఆనకట్ట బలహీనపడుతూ వస్తుంది. పావు మీటరు జట్టు తెర మీద పగులు కొద్దిపాటి ఊపుకే మెడను దాటుకుని అవతలికి పోతుంది.

"సార్, ఇందులో ఏది నిజం?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఏదీ కాదు. పగులు ఎప్పుడూ ఒక వరస గళ్లలోనే నడుస్తుంది. గడి చిన్నదైతే పగలడానికి ఖర్చయ్యే శక్తి కూడా చిన్నదైపోతుంది. గళ్లను ఇంకా సన్నం చేస్తే ఖర్చు సున్నాకు చేరుతుంది. బియ్యం సంచి ఎత్తకుండానే ఎత్తినట్టు లెక్క రాసుకున్నాం. ఆనకట్ట ఎంత బలమైనదన్నది మన పెన్సిలు ఎంత సన్నంగా చెక్కామన్న దానిమీద ఆధారపడితే అది ఆనకట్ట సంగతి కాదు.

స్వీడన్‌లోని లుండ్‌లో హిల్లెర్‌బోర్గ్, ఆయన సహచరులు 1976లో దారి చూపారు. కాంక్రీటులో పగులు కత్తితో కోసినట్టు ఒక్కసారి తెగదని వాళ్లు గట్టిగా పట్టుకున్నారు. తెగే ముందు కొంత మేర అటూ ఇటూ కాని స్థితి ఉంటుంది. పగులు మొదలైంది, ఐనా రెండు ముఖాలూ ఇంకా ఒకదాన్నొకటి లాగి పట్టుకునే ఉన్నాయి. తెరుచుకునేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. పూర్తిగా సడలేలోపు చేసిన పని మొత్తమే ఆ వంద జౌళ్లు. 1983లో బజాంత్, ఓ అనే ఇద్దరూ ఆ ఖర్చును గడి పరిమాణానికి ముడిపెట్టారు. గడి పెద్దదైనా చిన్నదైనా చదరపు మీటరుకు ఖర్చు మారకూడదు. రెండో వారం పిల్లలకు ఈ ఒక్క అంకె ఇస్తాను. మూడు జట్ల తెరల మీదా పగులు ఒకే చోట మొదలై, దాదాపు ఒకే చోట ఆగుతుంది.

గళ్ల విషయంలో అజాగ్రత్తకు ఎంత ఖరీదో వాళ్లకు నార్వే కథ చెబుతాను. 1991 ఆగస్టు 23న స్లైప్నర్ చమురు వేదిక తాలూకు బ్రహ్మాండమైన కాంక్రీటు అడుగుభాగాన్ని ఫియోర్డ్‌లో మెల్లగా ముంచి పరీక్షిస్తుండగా లోపలి గోడ విరిగి మొత్తం మునిగిపోయింది. ప్రాణనష్టం జరగలేదు. ముతక గళ్లతో చేసిన లెక్క ఒక గోడలోని కోత బలాన్ని 47 శాతం తక్కువగా చూపించిందని తేలింది. ఇనుము కట్టిన తీరులోనూ లోపం ఉంది. తర్వాత జాగ్రత్తగా చేసిన లెక్క ఆ గోడ 62 మీటర్ల లోతులో విరగాలంది. విరిగింది 65 మీటర్ల దగ్గర.

మన భాషలో చెరువు మట్టికి నెర్రెలు, గోడకు బీటలు, మడమకు పగుళ్లు. నెర్రె అనగానే ఎండ గుర్తొస్తుంది, బీట అనగానే కుంగిన పునాది గుర్తొస్తుంది. పేరులోనే కారణం ఉంది. మా సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికీ ఒకటే ఎరుపు. ఎంత పగిలిందో చెప్పడానికి సున్నా నుంచి ఒకటి దాకా ఓ అంకె. వేడికి పగిలినా, భూకంపానికి పగిలినా తెర మీద తేడా తెలియదు. ఆ తేడాను మనిషే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మందు వేరు. వేడి పగులుకు దుప్పటి, మెడ పగులుకు ఆనుదన్ను.

పోయిన ఏడాది లెక్క ముగిసిన రోజు నా టేబుల్ మీది కోర్‌ను క్లాసుకు పట్టుకెళ్లాను. పన్నెండుమంది పిల్లలు. బల్ల మీద పడుకోబెట్టి పగులును దగ్గరగా చూడమన్నాను. పైన అది స్పష్టంగా ఉంది, గోరు దూరుతుంది. కింది వైపు సన్నబడుతూ గ్రానైటు కంకర రాయి ఎదురైన చోటల్లా దాన్ని చీల్చకుండా చుట్టి పోయింది, వాగు బండరాయిని చుట్టి పోయినట్టు. ఇంకా కిందికి పోతే ఒక గీత రెండవుతుంది, ఒకటి ఆగి పక్కనే ఇంకోటి మొదలవుతుంది, రెంటి మధ్యా సిమెంటు వంతెనలా ఇంకా అతుక్కునే ఉంటుంది.

"పగులు ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. పక్కవాడిది చూడొద్దు," అన్నాను.

ఒక్కొక్కరుగా వచ్చారు. కొందరు గోరుతో తడిమి, గోరు ఆగిన చోట పెట్టారు. ఒకమ్మాయి కోర్‌ను తడిపింది. ఆరేటప్పుడు పగులు దగ్గర తడి ఎక్కువసేపు నిలుస్తుందని వాళ్ల ఇంట్లో గోడలు చూసి తెలుసట. ఆమె గీత అందరికంటే కిందికి పోయింది. చివరికి కొలిస్తే మొదటి గీతకూ చివరి గీతకూ మధ్య మూడు సెంటీమీటర్లు. ఆ మూడు సెంటీమీటర్ల మీదకు పిల్లలంతా మళ్లీ వంగారు. ఫోను లైటు వేసి పట్టుకున్నారు. అప్పటికే బెల్లు కొట్టారు గానీ ఎవరూ కదల్లేదు.